మొదటి పంక్తి: పిలుపూ పూచీ

ఊళ్లలో దండోరా వేసే కాలంలో ముందుగా డప్పు మోగేది. అరుగు మీద కూర్చున్నవారు మాట ఆపేవారు, ఇంట్లో ఉన్నవారు వాకిట్లోకి వచ్చేవారు. అప్పుడు "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అన్న పిలుపు వినబడేది. వెంటనే అసలు సంగతి వచ్చేది: ఏ రోజు, ఎక్కడ, ఎవరి ఉత్తరువు. డప్పు కొట్టినవాడు ఊరివాడే. చెప్పినది తప్పైతే నిలదీయడానికి ఎదుట ఒక మనిషి ఉండేవాడు.

ఈనాడు ఊరిని విడిచి నగరానికి వచ్చినవారి చేతిలో సెల్‌ఫోను ఉంది. కాలనీ వాట్సాప్ బృందం, ఊరివారి బృందం, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. డప్పు దరువు, పిలుపు, సంగతి అనే మూడు పనులను ఇప్పుడు ఒక్క పంక్తే చేయవలసి వస్తోంది. ఆ పంక్తిని రాయడానికి చాలామంది కృత్రిమ మేధ సాయం తీసుకుంటున్నారు. ఆ సాయాన్ని ఎంతవరకు తీసుకోవాలి, ఎక్కడ ఆపాలి, రాసినదానికి పూచీ ఎవరిది అన్నవే ఈ పాఠంలోని విషయాలు.

తెరపై కనబడేది ఎంత?

ఫోను మూసి ఉన్నప్పుడు తెరపై కనబడేది సందేశంలోని మొదటి కొన్ని మాటలు మాత్రమే. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఒకటి రెండు పంక్తులు కనబడి, తక్కినది "మరింత" అన్న మాట వెనుక దాగి ఉంటుంది. బస్సులో నిలబడి ప్రయాణించేవారు, పని మధ్యలో ఒక్క క్షణం ఫోను చూసేవారు ఆ మొదటి పంక్తిని చదివి ముందుకు సాగిపోతారు. కొందరు దానిని మాత్రమే చదివి, అక్కడినుండే మరొకరికి పంపుతారు.

కనుక మొదటి పంక్తి సందేశానికి వాకిలి మాత్రమే కాదు. చాలామందికి మొత్తం సందేశం అదే. వాకిట్లో ఆకర్షణను పెట్టి, సత్యాన్ని లోపలి గదిలో దాచితే, లోపలికి రానివారికి ఆ సత్యం ఎన్నటికీ తెలియదు. ఈ పాఠంలోని సూత్రం దీని నుండే పుట్టింది: దృష్టిని ఆకట్టుకునే మాట, నిజమైన మాట ఒకే పంక్తిలో ఉండాలి.

గౌనిపల్లి తోట: ఒక ఉదాహరణ

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో గౌనిపల్లి ఉంది. కర్ణాటకలో మామిడికి పేరుపొందిన ప్రాంతం శ్రీనివాసపురం. అక్కడి కాయ మే నెల మధ్య నుండి జులై దాకా మార్కెట్టుకు వస్తుంది. బాదామి, తోతాపురి, బేనీషా, మల్లిక, నీలం వంటి రకాలు ఆ తోటల్లో పండుతాయి. ఆంధ్ర సరిహద్దుకు చేరువైన ఆ పల్లెలలో తెలుగు, కన్నడం రెండూ వాడుక భాషలే. ఉద్యోగాల కోసం బెంగళూరు చేరినవారు ఎందరో ఉన్నా, తోటలు మాత్రం ఊరిలోనే ఉన్నాయి.

ఇక ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. గౌనిపల్లి నుండి వచ్చి బెంగళూరులోని ఒక అపార్టుమెంటులో ఉంటున్న యువతి తన తండ్రి తోటలోని బాదామి కాయలను ఇరుగుపొరుగుకు నేరుగా అమ్మాలనుకుంది. మండీలో కాయ ధర ఏ రోజు ఎలా ఉంటుందో తెలియదు. దళారికి పోయే భాగం మిగిలితే తండ్రి చేసిన అప్పులో కొంతైనా తీరుతుంది. కర్ణాటక మామిడి అభివృద్ధి, మార్కెటింగ్ సంస్థ "కర్‌సిరి" పేరుతో ఆన్‌లైన్ అంగడి నడిపి, తపాలా శాఖ ద్వారా బెంగళూరు ఇళ్లకు మామిడి పెట్టెలు చేర్చే ఏర్పాటు చేసిన సంగతి ఆమెకు తెలుసు. అంటే తోటనుండి నేరుగా కొనే అలవాటు నగరానికి కొత్త కాదు. ఆమెకు కావలసిందల్లా చదివినవారిని ఆపగలిగే ఒక పంక్తి.

ఆమె కృత్రిమ మేధను "మామిడి అమ్మకానికి ఆకర్షణీయమైన మొదటి పంక్తులు రాయి" అని అడిగింది. ఇంత తక్కువ చెప్పి అడిగినప్పుడు సాధారణంగా ఈ తీరు పంక్తులే వస్తాయి:

మీ రుచి మొగ్గలను మంత్రముగ్ధం చేసే స్వర్గీయ మామిడి!

ప్రపంచ ప్రసిద్ధ రత్నగిరి ఆల్ఫోన్సో ఇప్పుడు మీ గుమ్మంలో!

నూటికి నూరు శాతం సేంద్రియం! ఈ అవకాశం మళ్లీ రాదు!

ఈ మామిడి రహస్యం తెలిస్తే ఆశ్చర్యపోతారు!

నాలుగూ చదవడానికి జోరుగానే ఉన్నాయి. కాని ఒక్కటీ పంపదగినది కాదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూడాలి.

మొదటిదానిలో లోపం భాషది. "రుచి మొగ్గలు" అన్నది తెలుగువారు భోజనం దగ్గర అనే మాట కాదు. "నోరూరుతోంది" అంటారు, "జిహ్వ చచ్చింది" అంటారు. "స్వర్గీయ" అన్నది ఇంకా చిక్కైన మాట. తెలుగులో అది మరణించినవారి పేరు ముందు చేర్చే గౌరవపదం. స్వర్గీయ మామిడి అనగానే తెలిసినవారికి నవ్వు వస్తుంది, అమ్మకం అక్కడే ఆగిపోతుంది.

రెండవదానిలో లోపం వాస్తవానిది. కర్ణాటకలో బాదామి అని పిలిచేది ఆల్ఫోన్సో రకాన్నే. అంతవరకు నిజమే. కాని రత్నగిరి పేరు వేరు. మహారాష్ట్రలోని రత్నగిరి, సింధుదుర్గ్ తదితర కొంకణ జిల్లాల ఆల్ఫోన్సోకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. శ్రీనివాసపురంలో పండిన కాయకు ఆ ఊరి పేరు తగిలిస్తే కొనేవారిని మోసగించినట్టే. అంతేకాదు, తండ్రి పెంచిన చెట్టు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడినట్టు కూడా.

మూడవదానిలో లోపం బాధ్యతది. సేంద్రియ ఆహారం అని చెప్పి అమ్మే వస్తువులకు 2017 నుండి ప్రత్యేక ఆహార భద్రతా నియమాలు అమలులో ఉన్నాయి. తోటలో ఏ మందు ఎప్పుడు కొట్టారో యంత్రానికి తెలియదు. ఆ మాటను అది వాస్తవంగా చెప్పలేదు, అలంకారంగా చేర్చింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదారి పట్టించే ప్రకటనలను తప్పుగా పరిగణిస్తుంది. ఆ పంక్తి యంత్రం రాసినదైనా, పంపినది మనిషే.

నాలుగవదానిలో సంగతే లేదు. చదివినవాడు తలుపు తెరిచి చూస్తే ఆశ్చర్యమేమీ ఉండదు. ఒకసారి అలా మోసపోయినవాడు అదే నంబరు నుండి వచ్చే రెండవ సందేశాన్ని తెరవడు.

యంత్రం ఇలా ఎందుకు రాస్తుంది?

కృత్రిమ మేధ అపారమైన రాతలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో నేర్చుకున్న యంత్రం. ప్రకటనల రాతలు అది ఇంగ్లీషులో లెక్కలేనన్ని చూసింది, తెలుగులో చాలా తక్కువ చూసింది. అందువల్ల ఇంగ్లీషు ప్రకటన నడకనే తెలుగు మాటలలో పెడుతుంది. దానికి తోట కనబడదు, కాయ వాసన తెలియదు, కోత ఏ రోజో తెలియదు. చెప్పని సంగతులను అది చాలాసార్లు అడగదు. ఖాళీని వాడుక మాటలతో నింపేస్తుంది. ఆ నింపుడులోనే అబద్ధం జొరబడుతుంది.

దీనిని బట్టి ఎవరు ఏ పని చేయాలో తేలుతుంది. వాస్తవాలు ఇవ్వడం మనిషి పని. వాటిని పదిరకాలుగా పేర్చి చూపడం యంత్రం పని. అందులో ఒకటి ఎంచి, దిద్ది, పూచీ పడడం మళ్లీ మనిషి పనే.

యంత్రానికి చెప్పవలసిన తీరు

ఆ యువతి రెండవసారి ఇలా అడిగిందనుకోవచ్చు:

"గౌనిపల్లిలోని మా తోట బాదామి మామిడి. కోత గురువారం. కాయలు పచ్చివి, గడ్డిలో వారం రోజులు పెడితే మాగుతాయి. కార్బైడు వాడము. మూడు కిలోల పెట్టె 450 రూపాయలు. శనివారం ఉదయం మా అపార్టుమెంటు గేటు దగ్గర ఇస్తాము. చదివేవారు మా ఇరుగుపొరుగు తెలుగు, కన్నడ కుటుంబాలు. పన్నెండు మాటలకు మించని మొదటి పంక్తులు ఎనిమిది రాయి. నేను చెప్పని గుణం ఏదీ చేర్చవద్దు. ఆశ్చర్యార్థకాలు వద్దు. ఇంటిలో మాట్లాడుకునే తెలుగులో రాయి."

ఈ అభ్యర్థనలో ఐదు అంశాలున్నాయి: సంగతి, చదివేవారు, కొలత, హద్దు, భాష. ఎక్కువమంది మొదటిదానితో ఆపేస్తారు. నిజానికి యంత్రాన్ని అదుపులో పెట్టేది నాలుగవది. "నేను చెప్పని గుణం ఏదీ చేర్చవద్దు" అన్న ఒక్క వాక్యం రత్నగిరిని, సేంద్రియాన్ని చాలావరకు దూరం పెడుతుంది. చాలావరకే గాని పూర్తిగా కాదు. అందువల్ల వచ్చిన ప్రతి పంక్తినీ ఇచ్చిన సంగతులతో పోల్చి చూడక తప్పదు.

ఎనిమిదిలో ఒకటి ఎంచి, కాస్త దిద్దితే ఇలా నిలుస్తుంది:

గురువారం కోసిన గౌనిపల్లి బాదామి, శనివారం మన గేటు దగ్గర. పచ్చికాయ, గడ్డిలో మీరే మాగబెట్టుకోండి.

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా చదివినవారు ఆగుతారు. "గురువారం కోసిన" అన్న మాట అంగడిలోని ఏ పండు మీదా కనబడదు. "పచ్చికాయ" అని ముందే చెప్పడం వల్ల, వెంటనే తినాలనుకునేవారు నిరాశపడే అవకాశం తప్పుతుంది. కాల్షియం కార్బైడుతో పండ్లను మాగబెట్టడం ఆహార భద్రతా నియమాల కింద నిషిద్ధమని తెలిసినవారికి "మీరే మాగబెట్టుకోండి" అన్న మాట ఏ ప్రమాణపత్రానికీ తీసిపోని నమ్మకం కలిగిస్తుంది. బలహీనత అనుకున్న అంశమే ఇక్కడ ఆకర్షణ అయింది. ధర, ఫోను నంబరు రెండవ పంక్తిలో వస్తే చాలు.

రాసిన పంక్తిని ఒకసారి పైకి చదివి చూడడం మంచిది. ఇంటిలోని పెద్దవారికి వినిపిస్తే మరీ మంచిది. వారు "ఇట్లా ఎవరు మాట్లాడతారు?" అన్న చోట దిద్దుబాటు అవసరం. కోలారు తెలుగులో కలిసిపోయిన కన్నడ మాటలను యంత్రం తప్పులుగా భావించి తీసివేయవచ్చు. చదివేవారు ఆ మాటలు ఎరిగినవారే అయితే వాటిని తిరిగి పెట్టడంలో దోషం లేదు. అవే ఆ ఊరి గుర్తు.

ఒక మాట తగ్గితే ఏమవుతుంది?

2025 జూన్ నెలలో జరిగిన ఒక సంఘటన ఈ పాఠానికి నేరుగా పనికివస్తుంది. ఆ ఏడాది తోతాపురి ధర బాగా పడిపోయింది. తోతాపురిని ఆంధ్రలో బెంగళూరా అని, కలెక్టరు అని కూడా అంటారు. ఆ కాయలో ఎక్కువ భాగం గుజ్జు కర్మాగారాలకు పోతుంది. ఆ కర్మాగారాలు చిత్తూరు జిల్లాలో ఎన్నో ఉన్నాయి. తమ జిల్లా రైతులకు ధర దక్కాలని చిత్తూరు జిల్లా అధికారులు జూన్ 7న ఇతర రాష్ట్రాల తోతాపురి తమ జిల్లాలోకి రాకుండా ఉత్తరువు ఇచ్చారు. శ్రీనివాసపురం రైతులు ఆందోళనకు దిగారు. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. అదే నెలలో కేంద్రం కర్ణాటక తోతాపురికి క్వింటాలుకు 1,616 రూపాయల ధరను లెక్కగా పెట్టుకొని, 2.5 లక్షల టన్నుల వరకు తేడా సొమ్ము చెల్లించే పథకానికి ఆమోదం తెలిపింది.

ఇదే వార్తను రెండు విధాలుగా మొదలుపెట్టవచ్చు.

ఆంధ్రలో కర్ణాటక మామిడి నిషేధం!

చిత్తూరు జిల్లాలోకి ఇతర రాష్ట్రాల తోతాపురి రాకూడదని జూన్ 7న ఉత్తరువు.

మొదటిది పొట్టిది, వేగంగా పరుగెత్తేది. కాని ఒక జిల్లా ఒక రాష్ట్రంగా మారింది, ఒక రకం మామిడి మొత్తం మామిడిగా మారింది. దానిని చదివిన గౌనిపల్లి రైతు బాదామి, బేనీషా కూడా అమ్ముడుపోవని బెదిరి, చేతికొచ్చిన ధరకు తెగనమ్ముకోవచ్చు. నగరంలో రెండు రాష్ట్రాల తెలుగువారు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. వారి బృందంలో ఆ పంక్తి మాటామాటా పెంచుతుంది. రెండవది చదివినవారికి తమ కాయకు ఆ ఉత్తరువు వర్తిస్తుందో లేదో వెంటనే తెలుస్తుంది. "చిత్తూరు జిల్లా", "తోతాపురి", "జూన్ 7" అనే మూడు మాటలు ఆ పని చేశాయి.

యంత్రాన్ని "ఇంకా పదునుగా, ఇంకా పొట్టిగా" అని అడిగిన కొద్దీ అది ముందుగా తీసివేసేవి ఇటువంటి మాటలనే. ఊరు, రకం, తేదీ వంటివి వాక్యానికి బరువుగా కనబడతాయి. కాని సత్యం నిలిచేది వాటి మీదనే. పొట్టి చేయమని అడిగినప్పుడు ఏ మాటలు పోకూడదో కూడా చెప్పాలి.

మొదలు మిగిలి, చివర పోయినప్పుడు

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్న పుకారు వాట్సాప్‌లో అనేక రాష్ట్రాలకు పాకింది. దానితో కలిసి తిరిగిన ఒక వీడియో నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రతపై తీసిన అవగాహన చిత్రం. మోటారు సైకిలుపై వచ్చినవారు బాలుణ్ణి ఎత్తుకుపోవడం అందులోని మొదటి భాగం. బాలుణ్ణి తిరిగి దించి, ఇది హెచ్చరిక కోసమేనని చెప్పడం చివరి భాగం. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. భయం పుట్టించే మొదలు మాత్రమే ఊరూరా తిరిగింది.

ఆ ఏడాది మే 23న బెంగళూరు చామరాజపేటలో, రాజస్థాన్ నుండి పనికోసం వచ్చిన 26 ఏళ్ల యువకుణ్ణి జనం పిల్లల దొంగ అనుకొని కొట్టి చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, హైదరాబాదు నుండి వెళ్లిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కూడా అదే అనుమానంతో చంపారు. పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అక్కడ అనుమానానికి దారితీసింది. ఇద్దరూ ఆ చోటికి బయటివారే. పరాయి ఊరిలో బ్రతికే ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: పుకారు ముందుగా పడేది ఆ చోటికి కొత్తగా వచ్చినవారి మీదనే.

ఆ జులైలోనే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. యంత్రం పెట్టే హద్దు అంతవరకే. పంపే మనిషి పెట్టుకునే హద్దు దానికంటే ముందు ఉండాలి. "జాగ్రత్త!", "అందరికీ పంపండి!", "మన ఏరియాలోకి వచ్చేశారు!" అన్న ఎత్తుగడలను కృత్రిమ మేధ క్షణంలో రాసిస్తుంది. పిల్లల భద్రత, అల్లర్లు, రోగాలు, మతం, కులం, భాష వంటి విషయాలలో అటువంటి పంక్తిని అడగకపోవడమే మేలు. నిజంగా ఆపద ఎదురైతే 112కు, ఆపదలో ఉన్న పిల్లల విషయమైతే 1098కు ఫోను చేయడం సరైన మొదటి అడుగు. బృందంలో రాయడం ఆ తరువాతి పని.

పౌర సందేశాలలో తొలి పంక్తి

అమ్మకాల కంటే ఇటువంటి సందేశాలలోనే తొలి పంక్తి అవసరం ఎక్కువ. కాలనీ బృందంలో తరచు కనబడే మూడు సందర్భాలు చూడవచ్చు.

రక్తం కావాలన్న సందేశం: "అత్యవసరం! దయచేసి షేర్ చేయండి!" అని మొదలైన సందేశం అవసరం తీరిన తరువాత కూడా నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఫోను చేసినవారు విసిగిపోయి, నిజమైన పిలుపు వచ్చినప్పుడు పట్టించుకోరు. రక్తం రకం, ఆసుపత్రి ఉన్న పేట, తేదీ, ఏ గంట వరకు అన్నవి మొదటి పంక్తిలోనే ఉంటే, కాలం చెల్లిన సందేశం తనంతట తానే ఆగిపోతుంది.

నీటి సరఫరా సందేశం: "ముఖ్య గమనిక" అన్న శీర్షిక కంటే "రేపు ఉదయం 6 నుండి సాయంత్రం 4 దాకా మన వీధికి నీరు రాదు, ఈ రాత్రే పట్టుకోండి" అన్న పంక్తి ఉపయోగకరం. కాని సందేశం మరునాడు తెరిచేవారికి "రేపు" అంటే ఏ రోజో తెలియదు. కనుక వారం, తేదీ రాయాలి.

చెత్త వేరుచేసే సందేశం: "బాధ్యతగల పౌరులమవుదాం" అన్న ఉపదేశాన్ని ఎవరూ చదవరు. "తడి చెత్తలో ఒక్క గాజు ముక్క ఉన్నా, దానిని చేతితో ఏరేది ఒక మనిషే" అన్న పంక్తి దగ్గర ఆగుతారు. యంత్రం ఉపదేశాన్ని సులువుగా ఇస్తుంది. ఆ గాజు ముక్కను గుర్తుచేయవలసినది రాసేవారే.

పంపే ముందు సరిచూడవలసినవి

1. మొదటి పంక్తి ఒక్కటే చదివి ఆగినవారికి తప్పు భావం కలుగుతుందా? కలిగేటట్టయితే తిరిగి రాయాలి.

2. అందులోని ప్రతి గుణం, ప్రతి అంకె, ప్రతి ఊరి పేరు రాసేవారికి స్వయంగా తెలిసినదేనా? యంత్రం చేర్చినది ఏదైనా ఉంటే తీసివేయాలి.

3. తేదీ, చోటు ఉన్నాయా?

4. ఇంటిలో ఎవరైనా అలా మాట్లాడతారా?

5. యంత్రానికి ఇచ్చిన వివరాలలో ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, ఇతరుల ఫోను నంబర్లు, పిల్లల ఫొటోలు లేవు కదా? అవి అక్కడ ఇవ్వదగినవి కావు.

6. ఆ పంక్తి కింద స్వంత పేరు పెట్టుకొని, ఎదురింటివారి ముందు పైకి చదవగలరా?

అభ్యాసం

అ. "మన ఊరిలో సంచలనం! ఇది చూసి షాకవుతారు!" అన్న పంక్తిని, ఊరి చెరువు నిండిన వార్తకు తగినట్టు తేదీ, చెరువు పేరు చేర్చి తిరిగి రాయవలెను.

ఆ. స్వంత ఊరి నుండి వచ్చే ఒక పంటను గాని, పిండివంటను గాని ఎంచుకొని, దానిని గురించి తమకు మాత్రమే తెలిసిన మూడు సంగతులు రాయవలెను. ఆ తరువాతనే కృత్రిమ మేధను అడగవలెను. అది ఇచ్చిన పంక్తులలో తాము చెప్పని మాటల కింద గీత గీయవలెను.

ఇ. గత వారం తమకు వచ్చిన సందేశాలలో మొదటి పంక్తి చదివి నమ్మి, తరువాత వేరని తెలిసినది ఒకటి గుర్తు చేసుకొని, ఏ మాట తగ్గినందువల్ల అలా జరిగిందో రాయవలెను.

మూడవ అభ్యాసాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చేస్తే మంచిది. దండోరా వేసినవాణ్ణి ఊరు నిలదీయగలిగేది. ఈనాడు డప్పు ప్రతివారి చేతిలోనూ ఉంది గనుక, మోగించే ముందు ఎవరికి వారే నిలదీసుకోవాలి.